చెవి యిచ్చు సాక్ష్యము



పసిబిడ్డకు చెవులు వినబడుచున్నవో లేదో తెలిసికొనుటకు మన యిండ్లలో పెద్దలు చేయు పరీక్ష యొకటి కలదు. ఉయ్యాల వెనుక నిలిచి చప్పట్లు చరతురు; లేదా పళ్లెమును గరిటెతో మ్రోగింతురు. బిడ్డ ఉలికిపడినచో నిశ్చింతగా నుందురు. కాని చప్పట్ల గాలి మెడకు తగిలినను, గోడమీద నీడ కదలినను బిడ్డ కదలును. పైగా పళ్లెము మ్రోత మిక్కిలి పెద్దది. దానిని వినగల బిడ్డకు తల్లి మెల్లగా పలికిన మాట వినబడకపోవచ్చును.

పెద్దవారి సంగతి వేరు. ఆడియోమీటరు ముందు కూర్చుండబెట్టి, ధ్వని వినబడినప్పుడు వ్రేలెత్తుమనిన ఎత్తుదురు. నెలల బిడ్డ వ్రేలెత్తదు. కావున బిడ్డ నడుగక, చెవినే యడుగు ఉపాయమును శాస్త్రజ్ఞులు వెదకిరి.

లోపలి చెవిలో నత్తగుల్లవలె చుట్టుకొనిన కాక్లియా యను భాగము గలదు. అందలి వెలుపలి వరుసల కేశకణములు, శబ్దము సోకగానే తామును కదలి దానిని బలపరచును. ఆ కదలికవలన పుట్టిన సూక్ష్మధ్వని, శబ్దము వచ్చిన దారినే వెనుకకు మరలి, కర్ణభేరి మీదుగా బయటికి వచ్చును. చెవి వినుటయే కాదు, బదులు పలుకును కూడ! చెవిలో ఇట్టి క్రియ యుండవలెనని థామస్ గోల్డు 1948లో ఊహించెను. నవ్విన వారుండిరేమో గాని, 1978లో లండనులో డేవిడ్ కెంపు ఆ ధ్వనిని మైక్రోఫోనుతో పట్టి చూపెను. నేడు ఓ.ఎ.ఇ. పరీక్ష యనబడునది ఇదియే. నిద్రించు బిడ్డ చెవిలో చిన్న గొట్టము నుంచిన, కొలది నిమిషములలో ముగియును.

అయితే కేశకణములు బాగుండియు, నాడి ఆ వార్తను మెదడుకు సరిగా చేర్చకపోవచ్చును. నెలలు నిండక పుట్టిన బిడ్డలయందును, తీవ్రమైన పచ్చకామెర్లు సోకిన బిడ్డలయందును ఈ భయము హెచ్చు. అట్టివారికి మొదటి పరీక్ష యొక్కటియే చాలదు. బేరా పరీక్ష కావలయును. నుదుటను, చెవుల వెనుకను చిన్న బిళ్లలు అతికించి, చెవిలో టిక్కుటిక్కుమను ధ్వనులు వినిపింతురు. ధ్వని సోకిన 10 మిల్లీసెకండ్లలో నాడియందు లేచు విద్యుత్తరంగములను 1970, 71 సంవత్సరములలో డాన్ జ్యూయెట్ వివరించెను. వాని బలము మైక్రోవోల్టుకంటెను తక్కువ. మెదడులోని యితర విద్యుత్సంచలనము దానికి ఎన్నో రెట్లు. తిరునాళ్ల కోలాహలములో ఒకడు గొణిగిన మాటవంటిది! అందుచేత ధ్వనిని వేయి, రెండు వేల మార్లు వినిపించి, కంప్యూటరుచే సగటు తీయింతురు. క్రమములేని సంచలనము తనలో తాను చెల్లిపోవును. క్రమముగా వచ్చు తరంగము నిలుచును. ధ్వనిని తగ్గించుచు పోయి, అయిదవ తరంగము ఏ మట్టమువరకు కనబడునో చూచి వినికిడిని అంచనా కట్టుదురు.

యంత్రము ‘రిఫర్’ అని చూపినంతనే బిడ్డ చెవిటిదని కాదు. పుట్టిన మొదటి దినములలో చెవిలో మిగిలిన ద్రవమువలనను అట్లు రావచ్చును. మరల పరీక్షింపవలెను. చిక్కంతయు ఇచటనే యున్నది. “వాళ్ల తాతకును మాటలు ఆలస్యముగనే వచ్చినవి” అని యింటివారు రెండవమారు వైద్యశాలకు పోరు. నెలలోపల తొలి పరీక్ష, మూడు నెలలలోపల నిర్ధారణ, ఆరు నెలలలోపల చికిత్స ప్రారంభము కావలెనని వైద్యులు గడువు పెట్టిరి. ఆరు నెలలలోపల లోపము గుర్తింపబడిన పిల్లలకు, ఆలస్యముగా గుర్తింపబడినవారికంటె భాష మెరుగుగా వచ్చెనని 1998లో అమెరికాలోని కొలరాడోనుండి వెలువడిన పరిశోధన తెలిపినది.

తొలి పరీక్షలో నెగ్గిన బిడ్డకును, మెదడుపొరల వాపు జ్వరము వచ్చి తగ్గిన పిమ్మట మరల చూపింపవలయును. పరీక్షకు పోవునాడు బిడ్డను దారిలో నిద్రపోనీయక, అచట పాలు పట్టి నిద్రపుచ్చుడు. ఏడ్చు బిడ్డ చెవినుండి యంత్రము ఏమియు గ్రహింపజాలదు.