నేర్పక ముందు చేసిన ఎజ్రా

(రేడియో ప్రసంగ పాఠము)
వాక్యభాగము: ఎజ్రా 7:10, నెహెమ్యా 8:1-10

ఈ దినము ముఖ్యముగా బడిపంతుళ్లతోను, ట్యూషన్లు చెప్పే యౌవనస్థులతోను, సండేస్కూలు టీచర్లతోను మాట్లాడాలని ఆశపడుచున్నాను.

ఎజ్రా గ్రంథము ఏడవ అధ్యాయము పదవ వచనము తెరవండి. బబులోను నుండి యెరూషలేముకు వచ్చిన ఈ ఎజ్రా యాజకుడు, శాస్త్రి కూడాను. అంటే సేవ, బోధ రెండూ ఒకే మనిషిలో ఉన్నాయి. ఆయన తన మనస్సులో మూడు పనులు నిశ్చయించుకున్నాడని అక్కడ చదువుతాము. మొదట ధర్మశాస్త్రమును పరిశోధించుట, తరువాత దాని ప్రకారము చేయుట, ఆ తరువాతనే ఇతరులకు నేర్పుట. వరుస గమనించారా? మనలో చాలామంది మొదటి మెట్టు నుండి మూడవ మెట్టుకు దూకుతాము. చదివేస్తాము, చెప్పేస్తాము. మధ్యలోని మెట్టు విరిగి ఉన్నా మనకు పట్టదు. సెమినరీలో చదివిన నావంటి వారికి ఈ జబ్బు ఇంకా ఎక్కువ.

నా సంగతే చెబుతాను. సెమినరీ ముగించిన తొలి సంవత్సరములలో నేను ఒక పాఠశాలలో సాంఘికశాస్త్రము చెప్పేవాడిని. ఆదివారము సంఘములో వాక్యము చెప్పేవాడిని. ఎనిమిదవ తరగతిలో ఒక అబ్బాయి ఉండేవాడు. నాట్ల కాలములో వారానికి రెండు రోజులు బడికి రాడు, వచ్చినా ఆలస్యమే. ఒక రోజు పరీక్ష పేపర్లు పంచుతూ, వాని మార్కులు పైకి చదివి, “నీకు పుస్తకమెందుకురా, కూలికే పో” అన్నాను. తరగతి అంతా నవ్వింది. నేను కూడా నవ్వాను. చేయి ఎత్తి కొట్టలేదు గదా అని నాకు నేనే సర్టిఫికెట్టు ఇచ్చుకున్నాను.

ఆ ఆదివారము నా ప్రసంగము మత్తయి 18వ అధ్యాయము మీద. చిన్నవారిని అభ్యంతరపరచువానికి తిరుగటిరాయి గతి పడుతుందని ప్రభువు హెచ్చరించిన భాగము. గట్టిగానే ప్రసంగించాను. ఆరాధన అయ్యాక ఆ అబ్బాయి నాయనమ్మ నా దగ్గరకు వచ్చి మెల్లగా అన్నది: “అయ్యగారూ, వాక్యం మంచిగ చెప్పిండ్రు. మా పిల్లగాడు మాత్రం బడికి పోనంటుండు. మీరు కూలికి పొమ్మన్నరంట గదా.” అంతే. కోపము లేదు, ఏడుపు లేదు. ఎజ్రా గ్రంథమును నాకు ఆమె బోధించింది.

సాయంత్రము వారి ఇంటికి వెళ్లాను. పిల్లవాడు మంచం వెనుక దాక్కున్నాడు. “తప్పు నాది, క్షమించు” అని వాని ముందు చెప్పడము, నా జీవితములో చేసిన ఏ ప్రసంగము కన్నా కష్టమైనది. మరునాడు తరగతిలో అందరి ముందు మళ్లీ చెప్పాను, ఎందుకంటే అవమానము అందరి ముందు జరిగింది. వాడు తిరిగి వచ్చాడు. పదవ తరగతి తరువాత చదువు మానేశాడు, అది కూడా నిజమే. నా మాట వల్లనా, ఇంటి పరిస్థితుల వల్లనా అని నేటికీ నేను తేల్చుకోలేదు.

సహోదరులారా, మన తెలుగు నేల మీద ఈ ఎజ్రా వరుసను పాటించిన ఒక మనుష్యుని జ్ఞాపకము చేసుకుందాము. వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874లో తిరునెల్వేలి ప్రాంతములోని వెల్లాలన్‌విళై అను గ్రామములో పుట్టారు. తండ్రి పల్లెటూరి పాదిరి. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివారు గాని, అనారోగ్యము వలన గణితము పరీక్ష వ్రాయలేక డిగ్రీ లేకుండానే బయటికి వచ్చారు. (మార్కులు తగ్గాయని పిల్లలను నలుగురిలో నవ్వులపాలు చేసే మనము ఇది గుర్తుపెట్టుకోవాలి.) తమిళము మాతృభాషగా గల ఆయన, ముప్పది యేండ్లు దాటిన తరువాత నిజాం రాజ్యములోని డోర్నకల్‌కు వచ్చి, తెలుగు నేర్చుకొని, మన పల్లెలలో పనిచేశారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్పుగా అభిషేకము పొందారు. ఆంగ్లికన్ సంఘములో ఆ స్థానము పొందిన మొదటి భారతీయుడు ఆయనే.

బిషప్పు అయిన తరువాత కూడా ఎద్దుల బండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగేవారు. ఆ పల్లెలలో ఆయనకు ఆసరాగా నిలిచినది గ్రామ ఉపాధ్యాయులు. 1935 నాటికి డోర్నకల్ అధ్యక్ష మండలములో 250 మంది భారతీయ గురువులుండగా, 2,000కు పైగా గ్రామ ఉపాధ్యాయులు ఉండిరి. లెక్క చూడండి, ఒక పాదిరికి ఎనిమిది మంది పంతుళ్లు! వారిలో అనేకులు గొప్ప చదువులు చదివినవారు కారు. మాల మాదిగ పల్లెలలో పిల్లలకు అక్షరాలు దిద్దించుట, పెద్దలకు ప్రార్థన నేర్పుట, రోగి ఇంటికి వెళ్లుట, అన్నీ ఆ ఒక్క మనిషి పనే. పగలు పశువుల వెంట, పొలముల వెంట తిరిగే పిల్లల కోసము రాత్రి బడి. నేను నాట్ల కాలములో హాజరు పట్టీ చూసి కోపపడ్డాను. వారు అదే నాట్ల కాలమును చూసి గంట మార్చుకున్నారు.

మరియొక సంగతి. బాప్తిస్మము పొందినవారిని తమ తలమీద చేయి ఉంచుకొని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పలకమనేవారు అజరయ్యగారు. అది 1 కొరింథీ 9:16లో పౌలు తన గురించి చెప్పుకున్న మాట. అంటే చదువురాని కూలివాడు కూడా ఆ దినమే బోధకుడు. అయితే ఆయన నోటి మాటతో ఆగలేదు. 1910లో ఎడింబరో మహాసభలో, దొరలు ఎంతో ఇచ్చారు, ఆస్తి ఇచ్చారు, దేహములు కూడా అర్పించారు, ఇక మాకు స్నేహితులను ఇవ్వండి అన్న భావముతో నిర్భయముగా మాట్లాడారు. ఆ మాట నేటి పంతుళ్లకు కూడా వర్తిస్తుందని నా అభిప్రాయము. పిల్లవాడికి మనము పాఠము ఇస్తాము, నోట్సు ఇస్తాము. స్నేహము?

ఇప్పుడు ఒక ఇబ్బందికరమైన మాట. ప్రభుత్వ పాఠశాలలో పనిచేయు విశ్వాసి తరగతి గదిని ప్రసంగ వేదిక చేయకూడదు. పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధ ఉండరాదని మన రాజ్యాంగము 28వ అధికరణము చెబుతున్నది. పిల్లలను కొట్టుటను, మానసికముగా హింసించుటను 2009 నాటి విద్యాహక్కు చట్టము నిషేధించింది. మరి సాక్ష్యము ఎట్లు? సమయానికి వెళ్లండి. రిజిస్టరులో సంతకము పెట్టి ఉపవాస కూటమికి వెళ్లు టీచరు ప్రార్థనలో ఎంత కన్నీరు కార్చినా, ఆ గంట పిల్లలది, దొంగిలించినదే. మధ్యాహ్న భోజనము దగ్గర ఏ పిల్లవాడైనా విడిగా కూర్చుంటున్నాడేమో చూడండి. వాని పక్కన మీరు కూర్చోండి.

నెహెమ్యా 8లో ఎజ్రా ఉదయము మొదలు మధ్యాహ్నము వరకు చదివాడు, లేవీయులు జనులకు అర్థము తెలియజెప్పారు. జనులు ఏడ్చారు. అప్పుడు వారిని ఏడ్వవద్దని, వెళ్లి తిని, ఏమీ లేనివారికి భాగములు పంపించమని చెప్పారు.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, మా మాట వలన బడి మానుకున్న పిల్లలు ఎవరైనా ఉంటే వారి పేర్లు మాకు జ్ఞాపకము చేయుము. వారి ఇంటికి వెళ్లుటకు మాకు కాళ్లు ఇమ్ము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.