కూల్చే ముందు ఒకసారి పైకి చూడండి



పోలవరం వాళ్ళకి గోదావరి సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టులో భద్రాచలం దగ్గర నీరు 75.6 అడుగులకు వచ్చింది. 2022 జూలైలో మళ్ళీ 71 అడుగులు దాటింది. వరదొస్తే మట్టిగోడ నిలవదు. అందుకే పక్కా ఇల్లంటే జనానికి అంత ఆశ.

1983లో వచ్చిన ఎన్.టి. రామారావు ప్రభుత్వం పేదలకు పక్కా ఇళ్ళు కట్టించింది. 1985లో ఇందిరా ఆవాస్ యోజన వచ్చింది. తర్వాత పోలవరం ప్రాజెక్టు కోసం పైడిపాక, దేవరగొంది, మామిడిగొంది లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. వాళ్ళకి పునరావాస కాలనీల్లో ఇళ్ళిచ్చారు. పుట్టిన ఊరు వదిలి వచ్చిన కుటుంబానికి ఇప్పుడు ఆ ఇల్లే ఆధారం. అది కూడా కారిపోతే?

"పాడైపోయింది, కూల్చేసి కొత్తది కట్టుకుందాం" అంటారు కొందరు. కూల్చడానికి ఒక పూట చాలు. కట్టడానికో? బిల్లు విడతలు విడతలుగా వస్తుంది. ఈలోగా సిమెంటు ధర పెరుగుతుంది. అన్నాళ్ళూ పిల్లల్ని ఎక్కడ పడుకోబెడతారు? పునాదుల దగ్గరే ఆగిపోయిన ఇళ్ళు మీరు చూడలేదా?

అసలు స్లాబు ఎందుకు పాడవుతుంది? నీళ్ళ వల్ల. పైన ఆకులు పడి వాన గొట్టం మూసుకుపోతుంది. నీరు నిలుస్తుంది. సన్నని బీటలోంచి లోపలి ఇనుప ఊచల దాకా దిగుతుంది. ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది. ఉబ్బి, కింది సిమెంటును తోసేస్తుంది. పెచ్చులు ఊడేది అందుకే. పైన కారుతుంటే కింద సున్నం వేయించి ఊరుకుంటారు చాలామంది. అది జ్వరమొస్తే మొహానికి పౌడరు రాసినట్టు!

తొలకరికి ముందే పైకెక్కి చూడండి. ఆకులు తీసేయండి. గొట్టంలో బిందెడు నీళ్ళు పోసి చూడండి. నీరు నిలిచే చోట మేస్త్రి చేత వాటం సరి చేయించండి. బీటలు పూడ్పించండి. గోడలో రావి మొక్క మొలిస్తే చిన్నప్పుడే వేరుతో లాగేయండి. ఊచ బయటపడితే ఊగే పెచ్చు కొట్టించి, తుప్పంతా గీకించి, అప్పుడే సిమెంటు పెట్టించాలి. పది ఇళ్ళ వాళ్ళు కలిసి ఒకే మేస్త్రిని పెట్టుకుంటే ఖర్చు తగ్గుతుంది. పొదుపు సంఘం అక్కలు ఈ పని బాగా చేయించగలరు.

అలాగని ప్రతి ఇల్లూ బాగుపడుతుందని కాదు. స్లాబు కిందికి వంగినా, ఊచలు బాగా సన్నబడినా ఆ గదిలో ఎవరూ పడుకోవద్దు. ఇంజనీరు చూసి చెప్పాలి.

ఫ్రాన్సు దేశంలో బోర్డో అనే పట్టణం ఉంది. అక్కడ 530 కుటుంబాలుండే పాత ప్రభుత్వ మేడల్ని కూల్చలేదు. జనం ఇళ్ళల్లో ఉండగానే బాగుచేసి, గదుల పక్కన వెలుతురొచ్చే వరండాలు కలిపారు. 2017కల్లా పని అయిపోయింది. ఆ పనిలో ముఖ్యులైన లకటాన్, వస్సాల్‌లకు 2021లో ప్రిట్జ్‌కర్ బహుమతి వచ్చింది. ఇళ్ళూ మేడలూ కట్టేవాళ్ళకి అది చాలా పెద్ద బహుమతి.

ఇంజనీరును పిలిపించాలంటే అర్జీ పెట్టాలి. ఇప్పుడు రాయడం వచ్చింది కదా, మీరే రాయండి. ఇంటి నంబరు, ఏ పథకం ఇల్లు, ఏ గది కారుతోంది, ఎప్పటినుంచి - ఈ నాలుగూ రాస్తే చాలు. రెండు కాపీలు రాసి పంచాయతీలో ఒకటివ్వండి. రెండో దాని మీద తేదీ వేయించి, సంతకం పెట్టించుకుని ఇంట్లో దాచుకోండి.