ఊరి వెబ్ సైటు - ఊరివారి భాష



ఒకప్పుడు పురపాలక సంఘంవారు ఏదైనా ప్రకటించాలంటే వీధి వీధికీ టముకు వేయించేవారు. ఆ తరువాత నోటీసు బోర్డు వచ్చింది. ఇప్పుడు చాలా పనులకు వెబ్ సైటే ఆఫీసు గుమ్మం. టముకు చదువు రానివారికీ వినిపించేది. వెబ్ సైటు మాత్రం చదవగలిగినవారికే పలుకుతుంది. హోసూరు, డెంకణికోట, బళ్ళారి, రాయగడ వంటి ఊళ్ళలో తరతరాలుగా ఉంటున్న మనం ఈ సంగతి ఆలోచించుకోవాలి.

జనన ధ్రువపత్రం సంగతే చూడండి. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోగా తెలియజేస్తే నమోదుకు రుసుము లేదు. పేరు అప్పటికి పెట్టకపోయినా, 12 నెలల్లోగా రుసుము లేకుండా చేర్పించుకోవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడం మొదలు ఎన్నో పనులకు ఈ కాగితమే ఆధారం. ఈ గడువులు తెలియక ఎందరు తల్లిదండ్రులు తిరగవలసి వస్తుందో బడిలో చేర్చుకునే రోజుల్లో ఉపాధ్యాయులకు తెలుస్తుంది.

పేరు రాయడంలోనూ చిక్కుంది. తమిళ లిపిలో 'క'కూ 'గ'కూ ఒకటే అక్షరం. 'ప'కూ 'బ'కూ ఒకటే. మన గీతను తమిళంలో రాస్తే, అది చూసి ఇంగ్లీషులోకి దించేవారు కీత అని దించవచ్చు. పత్రం అచ్చు కాకముందే పేరు సరిచూసుకునే వీలు, ఎలా చూసుకోవాలో తెలుగులో రెండు ముక్కలు వెబ్ సైటులో ఉంటే ఎంత శ్రమ తప్పుతుంది!

మరి మంచి వెబ్ సైటు ఎలా ఉండాలి? ఏ పనికి ఏ కాగితాలు కావాలి, రుసుము ఎంత, ఎన్నాళ్ళు పడుతుంది, ఎవరిని అడగాలి? ఈ నాలుగు ప్రశ్నలకు మొదటి పుటలోనే జవాబు దొరకాలి. ఏ పుటను ఎప్పుడు సరిచూశారో తేదీ ఉండాలి. నోటీసును ఫోటో తీసి పెడితే చిన్న ఫోనులో అక్షరాలు ఆనవు; చూపు లేనివారికి చదివి వినిపించే సాధనం దాన్ని చదవలేదు. అదే టైపు చేసి పెడితే అందరికీ అందుతుంది. మాటలు కూడా ఊరి మాటలే కావాలి. ఆస్తి పన్ను అని రాసి, పక్కన కందాయం అని చేర్చితే ముసలివారికీ తెలుస్తుంది.

"ఇన్నాళ్ళుగా ఇక్కడ ఉన్నారు, రాష్ట్ర భాష రాదా?" అని కొందరు అడగవచ్చు. వస్తుంది, రావాలి కూడా. మన పిల్లలు ఆ భాషలో చక్కగా చదువుకుంటున్నారు. కాని బడి ముఖం చూడని అవ్వకూ, సరిహద్దు అవతలి నుంచి కోడలిగా వచ్చిన ఆడపడుచుకూ పింఛను గడువు, నీటి కనెక్షను నిబంధన తెలియాలి కదా. రాష్ట్ర భాష పక్కన తెలుగు ఉండాలని అడగడం ఏ భాషతోనూ పోటీ కాదు.

అడిగేందుకు ఆధారాలూ ఉన్నాయి. 2005 నాటి సమాచార హక్కు చట్టం 4వ సెక్షను ప్రకారం ప్రభుత్వ కార్యాలయాలు తమ విధులు, అధికారుల వివరాలు ఎవరూ అడగకముందే వెల్లడించాలి. అలా వెల్లడించేటప్పుడు స్థానిక భాషను దృష్టిలో ఉంచుకోవాలి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా అధికారులకు విన్నపం ఇచ్చుకోవచ్చు. అంటే తెలుగులో రాసిన అర్జీని, తెలుగులో ఉందన్న కారణంతో తోసిపుచ్చడానికి వీల్లేదు.

కనుక శ్రోతలారా, ఈ వారమే మీ ఊరి వెబ్ సైటును ఇంట్లో చదువుకున్న పిల్లలచేత తెరిపించండి. ఇంటి పన్ను, జనన నమోదు, నీరు, చెత్త, వీధిదీపం - ఈ 5 పనుల వివరాలు దొరుకుతాయేమో వెతికించండి. దొరకనివాటిని రాసుకుని, నలుగురూ సంతకాలు చేసి కమిషనరుగారికో, కార్యనిర్వహణాధికారిగారికో ఇవ్వండి. తెలుగు వచ్చిన ఉపాధ్యాయులు అనువాదంలో సాయపడతారని కూడా రాయండి. మేము సిద్ధంగా ఉన్నాం. అర్జీ అందినట్టు రసీదు తీసుకోవడం మాత్రం మరువకండి.