ముందు లోడు లెక్క, తరువాతే టీవీ

(మన సంఘం సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ రోజు నేను మాట్లాడబోయే అంశం కొంచెం వింతగా తోచవచ్చు. అమెరికాలో కారు వెనుక తగిలించుకుని వెళ్ళే చిన్న ఇల్లు ఒకటుంది. దాన్ని ట్రావెల్ ట్రైలరు అంటారు. అందులో టీవీ, రేడియో, స్పీకర్లు ఎలా అమర్చుకోవాలన్నది విషయం. "విద్యుత్ శాఖలో రిటైరైన మనకెందుకయ్యా ఆ గొడవ?" అని మీరు అడగవచ్చు. మనలో చాలామంది పిల్లలు అక్కడే స్థిరపడ్డారు. మనం వెళ్ళి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నాం. వేసవి సెలవులు రాగానే వాళ్ళు ట్రైలరు కొనో, అద్దెకు తీసుకునో అడవులూ కొండలూ చూడటానికి బయలుదేరతారు, మనల్నీ వెంట తీసుకెళ్తారు. ప్రయాణానికి ముందు టీవీ, స్పీకర్లు, ఇన్వర్టరు తెప్పించి బిగిస్తారు. అన్నీ ఉంటాయి గానీ లోడు లెక్క వేసినవారు ఉండరు. ఉద్యోగ జీవితమంతా ఆ లెక్కలే వేసినవాళ్ళం మనం. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

ముందు ఆ ఇల్లు ఎంతుంటుందో చెబుతాను. ఎయిర్‌స్ట్రీమ్ అనే వెండిరంగు ట్రైలర్ల సంస్థ 1931 నుంచి ఉంది. వాళ్ళు 1961లో బాంబీ పేరుతో తెచ్చిన చిన్న ట్రైలరు పొడవు 16 అడుగులు. మిన్నెసోటాలో తయారయ్యే స్కాంప్ అనే ఫైబర్‌గ్లాసు ట్రైలరు ఇంకా చిన్నది. కారుకు తగిలించే కొక్కెంతో కలిపి 13 అడుగులే. అందులోనే పడక, పొయ్యి, బల్ల అన్నీ ఉంటాయి. మన క్వార్టర్లలో వంటగది అంత జాగా అన్నమాట.

ఇక కరెంటు సంగతి. ట్రైలరులో రెండు వ్యవస్థలు పక్కపక్కనే ఉంటాయి. క్యాంపు స్థలంలో కరెంటు స్తంభం ఉంటే 120 వోల్టులు, 60 సైకిళ్ళ ఏసీ దొరుకుతుంది. చిన్న ట్రైలర్లకు సాధారణంగా 30 ఆంపియర్ల ప్లగ్గు. అంటే 3,600 వాట్లు. ఆ కరెంటును కన్వర్టరు అనే పెట్టె 12 వోల్టుల డీసీగా మార్చి దీపాలు వెలిగిస్తుంది, బ్యాటరీ ఛార్జి చేస్తుంది. స్తంభం ఉన్నన్నాళ్ళూ టీవీకి బెంగ లేదు. అడవిలో స్తంభం లేనిచోట దిగినప్పుడే అసలు పరీక్ష. అప్పుడు ఇల్లంతా ఒక్క బ్యాటరీ మీద నడుస్తుంది.

ఆ బ్యాటరీ మీద ఏమేం నడుస్తాయో చూడండి. రాత్రి చలికి గదిని వేడిచేసే ఫర్నేసు గ్యాసుతో మండుతుంది. అయితే వేడిగాలిని తోసే ఫ్యాను 12 వోల్టులదే. ఫ్యాను తిరగకపోతే ఫర్నేసు వెలగదు. గ్యాసు లీకైతే అరిచే హెచ్చరిక పరికరం కూడా చాలా ట్రైలర్లలో ఈ బ్యాటరీకే కలిపి ఉంటుంది. నీళ్ళ పంపూ దీని మీదే. మనలో కొందరు నిద్రలో ఊపిరి యంత్రం వాడుతున్నారు. అదీ దీనికే తగిలించాలి. రాత్రి పదకొండు దాకా సినిమా చూసి బ్యాటరీ అడుగంటితే, తెల్లవారుజామున మూడింటికి ఫ్యాను ఆగిపోతుంది. కొండ ప్రాంతాల్లో వేసవి రాత్రులు కూడా గట్టి చలిగా ఉంటాయి. అప్పుడు ఇబ్బందిపడేది చంటిపిల్లలూ, మనలాంటి పెద్దవాళ్ళూ.

మనం ఉద్యోగంలో ఉన్నప్పుడు లోడు తగ్గించాల్సి వస్తే ఆసుపత్రి ఫీడరు ఆపేవాళ్ళమా? ఇక్కడా అదే పద్ధతి. ఫర్నేసు ఫ్యాను, హెచ్చరిక పరికరం, ఊపిరి యంత్రం ఆపకూడని లోడు. టీవీ, పాటలు అవసరమైతే ముందుగా ఆపే లోడు.

ఒక లెక్క వేద్దాం. చిన్న ట్రైలరులో సుమారు 80 ఆంపియర్ అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీ ఉందనుకోండి. అందులో సగానికి మించి తరచుగా వాడితే దాని ఆయుష్షు తగ్గిపోతుందని మీకు తెలిసిందే. అంటే చేతికొచ్చేది 40. ఫర్నేసు ఫ్యాను సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. రాత్రి మొత్తం మీద నాలుగు గంటలు తిరిగితే 12. ఎల్‌ఈడీ దీపాలకు 4, పంపుకు 2. హెచ్చరిక పరికరానికీ, గ్యాసు ఫ్రిజ్జు కంట్రోలు బోర్డుకూ కలిపి రోజుకు 7 అనుకుందాం. మొత్తం 25. మిగిలింది 15 ఆంపియర్ అవర్లు. మన వినోదమంతా ఆ పదిహేనులోనే. ఊపిరి యంత్రం ఉంటే దాని ఖర్చు కూడా ముందే తీసివేయాలి. దాని తేమ పెట్టెను వేడిచేసే అమరిక ఆపితే వాడకం బాగా తగ్గుతుంది. అయితే డాక్టరుగారిని అడిగే ఆ పని చేయాలి. కొన్ని కొత్త ట్రైలర్లలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్జు వస్తోంది. అది ఉంటే ఈ లెక్క మొత్తం తిరిగి వేసుకోవాలి.

ఈ పదిహేనులో ఏం చేయవచ్చు? 24 అంగుళాల 12 వోల్టుల ఎల్‌ఈడీ టీవీ సుమారు 30 వాట్లు, అంటే రెండున్నర ఆంపియర్లు. మూడు గంటలకు ఏడున్నర. పాటల పెట్టె ఒక ఆంపియరు చొప్పున మూడు గంటలకు 3. మొత్తం పదిన్నర. హాయిగా సరిపోయింది. అంత చిన్న గదిలో నాలుగైదు అడుగుల దూరం నుంచి చూస్తాం గనుక 24 అంగుళాలు చాలు.

ఇప్పుడు ఇంట్లో వాడే 120 వోల్టుల టీవీని ఇన్వర్టరుతో నడిపితే చూడండి. బ్యాటరీ డీసీని ఇన్వర్టరు ఏసీ చేస్తుంది, టీవీ లోపలి సర్క్యూటు ఆ ఏసీని తిరిగి డీసీ చేస్తుంది. రెండుచోట్లా నష్టమే. పైగా లోడు లేకపోయినా, వెయ్యి వాట్ల ఇన్వర్టరు తనకోసం పది వాట్ల దాకా తినవచ్చు. దాన్ని ఆపడం మరిచిపోతే ఇరవై నాలుగు గంటల్లో 20 ఆంపియర్ అవర్లు పోతాయి. టీవీ పెట్టకుండానే మన పదిహేనూ హరించుకుపోయాయి! కనుక నేరుగా 12 వోల్టులతో నడిచే టీవీయే కొనమనండి. ఇన్వర్టరు తప్పనిసరైతే చేతికందేచోట స్విచ్చి ఉండాలి.

వైరింగు విషయంలో మూడు మాటలు. మొదటిది రంగులు. మనకు నలుపు అంటే న్యూట్రల్. అక్కడ 120 వోల్టుల వైరింగులో నలుపే ఫేజు, తెలుపు న్యూట్రల్, ఆకుపచ్చ ఎర్తు. ఇక 12 వోల్టుల వైపు చూస్తే, ట్రైలరు వైరింగులో తెలుపు నెగెటివ్, నలుపు పాజిటివ్‌గా ఉండటం మామూలు. కానీ కారు స్టీరియోకు వచ్చే వైర్లలో నలుపు నెగెటివ్! రంగు చూసి కలిపితే స్టీరియో కాలిపోతుంది. నలభై ఏళ్ళ అనుభవం ఉన్నా సరే, మీటరు పెట్టి చూడనిదే వైరు ముట్టుకోవద్దని మనవి. 120 వోల్టుల వైపు మన చేయి అసలే వద్దు. అది అక్కడి లైసెన్సున్న ఎలక్ట్రీషియను పని.

రెండవది వోల్టేజి డ్రాప్. 230లో ఒక వోల్టు పోతే లెక్కలోకి రాదు. 12లో ఒకటి పోతే టీవీ ఆగిపోవచ్చు. బ్యాటరీ నుంచి టీవీకి 5 మీటర్లనుకోండి. పోనూ రానూ 10 మీటర్లు. 5 ఆంపియర్ల లోడుకు 1 చదరపు మిల్లీమీటరు రాగి వైరు వేస్తే దాదాపు 0.9 వోల్టు పోతుంది. రెండున్నర చదరపు మిల్లీమీటర్లది వేస్తే 0.4 లోపే. వైరు మీద మిగిల్చే డబ్బు మిగులు కాదు.

మూడవది ఫ్యూజు. బ్యాటరీ పాజిటివ్‌కు వీలైనంత దగ్గరగా ఒకటి ఉండాలి. అది వైరును కాపాడటానికి. టీవీ కొమ్మకు వేరుగా 5 ఆంపియర్లది పెట్టాలి. ప్లైవుడ్డు, నురుగు పరుపులు, పక్కనే గ్యాసు ఉన్న ఇంట్లో వైరు వేడెక్కితే బయటపడటానికి ఒక్కటే తలుపు. ఏసీ స్విచ్చిని డీసీకి వాడకూడదని మీకు నేను చెప్పనక్కర్లేదు, పిల్లలకు మాత్రం మీరు చెప్పండి.

స్టీరియో సంగతి ఒకటి. దానికి పసుపు వైరు ఎప్పుడూ కరెంటు అడుగుతుంది, స్టేషన్లు గుర్తుంచుకోవడానికి. ఎరుపుది కారు తాళం తిప్పినప్పుడు వచ్చేది. ట్రైలరులో తాళం లేదు గనుక రెంటినీ కలిపి ఒక స్విచ్చి ద్వారా ఇస్తే, ట్రైలరు వాడని రోజుల్లో బ్యాటరీ కారిపోదు. స్టేషన్లు మళ్ళీ పెట్టుకోవాలి, అంతే.

ఇక టీవీలో ఏమొస్తుంది? అమెరికాలో పెద్ద స్టేషన్ల అనలాగ్ ప్రసారాలు 2009 జూన్ 12తో ఆగిపోయాయి. ఇప్పుడు యాంటెన్నాతో వచ్చేవి డిజిటల్ ఛానెళ్ళు, ఉచితమే. ఊరు మారినప్పుడల్లా ఛానెళ్ళు మళ్ళీ వెతికించాలి. యాంటెన్నా యాంప్లిఫయరు స్విచ్చి గోడమీద చిన్నగా ఉంటుంది. అది వేయక "టీవీ చెడిపోయింది" అనుకునేవాళ్ళు ఎందరో. క్యాంపు కేబులు తగిలించినప్పుడు మాత్రం దాన్ని ఆపాలి. పైకెత్తే యాంటెన్నా అయితే బయలుదేరే ముందు దించాలి. టీవీ స్టాండుకు గొళ్ళెం బిగించాలి. ప్రయాణంలో ట్రైలరు ఊపు మామూలుగా ఉండదు.

లోయల్లో ఛానెళ్ళు రావు. 2024లో వచ్చిన స్టార్‌లింక్ మినీ వంటి ఉపగ్రహ ఇంటర్నెట్ పలక సుమారు 25 నుంచి 40 వాట్లు తీసుకుంటుంది. నాలుగు గంటలకు పది ఆంపియర్ అవర్లు. దానితోపాటు టీవీ కూడా అంటే మన పదిహేను దాటిపోతుంది. చవకైన మార్గం పెన్‌డ్రైవు. ఇంటి దగ్గరే మన పాత పాటలు, ప్రవచనాలు అందులో నింపుకుని వెళ్ళాలి. ఫ్యాట్32 పద్ధతిలో ఉన్న పెన్‌డ్రైవులో 4 గిగాబైట్లు మించిన ఫైలు ఎక్కదని గుర్తుంచుకోండి.

వినికిడి తగ్గిన మనం శబ్దం పెంచుతాం. అక్కడి జాతీయ ఉద్యానవనాల క్యాంపుల్లో రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా నిశ్శబ్దం పాటించాలన్నది నిబంధన. పలుచని గోడలు. ఒక బ్లూటూత్ హెడ్‌ఫోను కొనిపించుకుంటే ఇరుగుపొరుగుకూ, ఇంట్లో కోడలికీ, మనవలకూ అందరికీ శాంతి.

బ్యాటరీ ఛార్జి గురించి చెప్పి ముగిస్తాను. 100 వాట్ల సోలారు పలక మంచి ఎండలో రోజుకు సుమారు 25 ఆంపియర్ అవర్లు ఇస్తుంది. చెట్ల నీడలో దాదాపు ఏమీ ఇవ్వదు. లిథియం బ్యాటరీ అయితే ఎనభై శాతం పైగా వాడుకోవచ్చు, బరువూ తక్కువ. అయితే సున్నా డిగ్రీల కంటే చల్లబడినప్పుడు దాన్ని ఛార్జి చేయకూడదు. పాత కన్వర్టరు దానికి తగినదో కాదో కూడా చూసుకోవాలి. లెడ్ యాసిడ్ బ్యాటరీకి మాత్రం ఒక చిన్న వోల్టుమీటరు గోడకు పెట్టండి. లోడు లేకుండా కాసేపు ఉంచి చూస్తే 12.6 నిండుకుండ, 12.1 సగం. పడుకునే ముందు 12.3 కంటే తగ్గి ఉంటే ఆ రాత్రికి సినిమా మిగతా సగం రేపే.

మిత్రులారా, ఈసారి పిల్లల దగ్గరకు వెళ్ళినప్పుడు టీవీ ఎంత పెద్దది కొన్నారని అడగకండి. ఒక కాగితం, పెన్సిలు తీసుకుని ఆ బ్యాటరీ పక్కన కూర్చోండి. ఏది ఎన్ని ఆంపియర్లు, ఎన్ని గంటలు అని రాసి తలుపు వెనుక అంటించండి. "నాన్నకు ఈ కాలం సంగతులు తెలియవు" అనుకునే పిల్లలు ఆ కాగితం చూసి టీవీ కట్టేస్తారు. చలిరాత్రి మనవడు వెచ్చగా నిద్రపోతాడు. మన శాఖ నేర్పిన చదువుకు అది చాలు.