లెక్కల దస్త్రాలకు రెండో ప్రతి



సంఘం కంప్యూటరులోని సభ్యుల పట్టీ, విద్యార్థులకిచ్చిన సహాయం లెక్కలు, పాత రశీదుల ఫోటోలు – వీటి భద్రత గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. కారణం మనకు విడమరచి చెప్పనక్కరలేదు. భద్రాచలం వద్ద గోదావరి 1986 ఆగస్టులో 75.6 అడుగులకు లేచింది. 2022 జూలైలో మళ్ళీ 71.3 అడుగులు. చండ్రుగొండ గోదావరి ఒడ్డున లేదు, నిజమే. కానీ పిడుగు, చెదలు, హార్డుడిస్కు జబ్బు ఏ ఊరినీ విడువవు. నకలు తీసిన పెన్‌డ్రైవును అదే బల్ల సొరుగులో పెడితే అది రెండో ప్రతి అనిపించుకోదు.

క్లౌడు అంటే మబ్బు కాదండీ, వేరే చోట వేరొకరి కంప్యూటరు. అమెజాన్ వారు 2022 నవంబరులో హైదరాబాదులోనే అటువంటి కేంద్రాలు తెరిచారు. మన లెక్కలకైతే గూగుల్ డ్రైవు ఉచితంగా ఇచ్చే 15 జీబీ చాలు.

రోజూ గుర్తుంచుకొని ఎక్కించుట మనిషి వల్ల కాదు. కార్యదర్శి గారికి పెళ్ళిళ్ళుంటాయి, పొలం పనులుంటాయి. విండోసులోని టాస్క్ షెడ్యూలరుకు వేళ చెప్పి అప్పగించవచ్చు. ఆర్‌క్లోన్ అనే ఉచిత ప్రోగ్రాము ఫైళ్ళు మోసుకుపోతుంది. వేళ మాత్రం అందరూ చెప్పినట్లు అర్ధరాత్రి పెట్టకండి, అప్పుడు మన కంప్యూటరు ఆపి ఉంటుంది. సాయంత్రం ఏడు గంటలు నయం. కరెంటు పోయి వేళ తప్పితే, వచ్చాక జరిపించే ఏర్పాటూ అందులోనే ఉన్నది. దానికి టిక్కు పెట్టాలి.

ఇక్కడొక మెలిక. ఆర్‌క్లోనులో సింక్ అనే ఆజ్ఞ అద్దం వంటిది: ఇక్కడ ఫైలు చెరిపితే అక్కడా చెరుపుతుంది. కాపీ అనే ఆజ్ఞ చెరపదు గాని, పాడైన ఫైలును మంచిదాని మీద వ్రాసేస్తుంది. గనుక బ్యాకప్ డిర్ అనే సౌకర్యంతో పాత ప్రతులను తేదీ పేరున వేరే అరలో ఉంచుకోవాలి.

అప్పగించాం గదా అని నిద్రపోరాదు. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజనీరు పొరపాటున అసలు డేటాబేసునే చెరిపాడు. తనంతట తాను జరిగే నకలు కోసం చూస్తే అర ఖాళీ! ప్రోగ్రాము వెర్షను సరిపడక అది విఫలమవుతూనే ఉన్నది. ఆ సంగతి తెలిపే ఈమెయిళ్ళు కూడా తిరస్కరింపబడినవి. ఆరు గంటల ముందు ఒకరు చేతితో తీసిన ప్రతి దొరకబట్టి బతికారు.

కాబట్టి నెలకొకసారి, కమిటీ కూర్చున్న నాడు, ఒక ఫైలును క్లౌడు నుంచి వేరే కంప్యూటరులోకి దింపి అందరి ముందు తెరవాలని నా మనవి. పాస్‌వర్డు ఇద్దరి వద్ద ఉండాలి. మొదటి పరీక్ష వచ్చే సమావేశంలోనే పెట్టుకుందాం. రెండో కంప్యూటరు ఎవరు తెస్తారో ఇప్పుడే చెప్పండి.