పాత కంప్యూటర్‌లో ప్రింటర్ పోర్ట్ మాయమైందా? కొత్తది కొనే ముందు ఇది చూడండి

ఈరోజు కొత్త ఫోన్ గురించి కాదు, ఊళ్లో షాపుల్లో ఇంకా నడుస్తున్న పాత డెస్క్‌టాప్ గురించి మాట్లాడుకుందాం. దాని వెనకాల 25 రంధ్రాలతో పొడుగ్గా ఒక పోర్ట్ ఉంటుంది. అదే ప్యారలల్ పోర్ట్, అంటే ఎల్‌పీటీ1. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ పెట్టేది దానికే. ఈ ప్రింటర్ పిన్నులతో గుద్ది ప్రింట్ చేస్తుంది కాబట్టి బిల్లుకి కార్బన్ కాపీ కూడా ఒకేసారి వస్తుంది. లేజర్ ప్రింటర్‌కి ఆ పని చేతకాదు.

మా బాబాయ్‌ది ఎరువుల షాపు. సీజన్ మధ్యలో బిల్లులు ఆగిపోయాయి. రిపేర్ అతను చూసి "బోర్డు పోయింది, కొత్త సిస్టమ్ కొనండి" అన్నాడు. ఖర్చు ఒక్కటే కాదు కదా, రైతుల బాకీలన్నీ ఆ పాత డాస్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉన్నాయి. "లెక్క పోతే నేనెవరిని అడగాలిరా?" అన్నాడు బాబాయ్. వీడియో కాల్‌లోనే వరసగా చూశాం.

ముందు డేటా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ. తర్వాత ప్రింటర్. లైన్ ఫీడ్ బటన్ నొక్కి పట్టుకుని ఆన్ చేస్తే చాలా మోడల్స్ సెల్ఫ్ టెస్ట్ పేజీ కొడతాయి. అది వచ్చింది, అంటే ప్రింటర్ బాగానే ఉంది. తర్వాత రెండూ ఆఫ్ చేసి కేబుల్ గట్టిగా పెట్టించా. ఇది యూఎస్‌బీ కాదండి, కరెంటు ఉండగా పీకి పెట్టకూడదు.

తర్వాత డివైస్ మేనేజర్. పోర్ట్స్ లిస్టులో ఎల్‌పీటీ1 అసలు లేనే లేదు. అప్పుడు "డేట్ ఎంత చూపిస్తోంది బాబాయ్?" అన్నా. "2005 అంటోందిరా!" దొరికేసింది. మదర్‌బోర్డు మీద సీఆర్2032 అనే బిళ్ల బ్యాటరీ ఉంటుంది. అది అయిపోయాక మెయిన్ ఆపితే టైమూ, బయోస్ సెట్టింగులూ మొదటికొస్తాయి. ఆ బోర్డులో మొదటి సెట్టింగ్‌లో ప్యారలల్ పోర్ట్ ఆఫ్.

వంద రూపాయల లోపు బ్యాటరీ వేసి, ఆన్ అవుతుండగా డిలీట్ కీ నొక్కి బయోస్‌లోకి వెళ్లాం. కొన్నిట్లో ఎఫ్2 ఉంటుంది. ఇంటిగ్రేటెడ్ పెరిఫెరల్స్‌లో పోర్ట్‌ని ఎనేబుల్ చేసి, అడ్రస్ 378, ఐఆర్‌క్యూ 7 పెట్టాం. మోడ్‌లో ఎస్‌పీపీ, ఈపీపీ, ఈసీపీ అని ఉంటాయి. పాత ప్రింటర్‌కి ముందు ఎస్‌పీపీ ట్రై చేయండి, అన్నిటికన్నా సింపుల్ అదే. ఈసీపీ అయితే డీఎంఏ ఛానెల్ కూడా అడుగుతుంది. ఎఫ్10 నొక్కి సేవ్ చేశాం. బిల్లు టకటకా వచ్చింది.

రెండు జాగ్రత్తలు. బయోస్‌లో ఏదైనా మార్చే ముందు ప్రతి స్క్రీన్‌నీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. పక్కనే ఉన్న సాటా మోడ్ జోలికి మాత్రం వెళ్లొద్దు, అది మారిస్తే విండోస్ లోడ్ కాకపోవచ్చు. రెండోది, యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కి మార్చే కేబుల్ కొని తొందరపడకండి. అది నిజమైన ఎల్‌పీటీ1లా కనపడదు, నేరుగా ఆ పోర్ట్‌కే పంపే డాస్ ప్రోగ్రామ్‌కి మామూలుగా పనిచేయదు.

మీకు తెలిసిన షాపులో పాత సిస్టమ్ ఉంటే, ఈసారి వెళ్లినప్పుడు మూలనున్న డేట్ ఒకసారి చూడండి. తప్పుగా ఉంటే ఆ రోజే చెప్పండి. బిల్లు ఆగకముందే బ్యాటరీ మార్చుకుంటారు.