నకలు తీసిన తరువాత
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్ల పుస్తకముల పట్టిక, సభ్యుల వివరములు, చందాల లెక్క ఇప్పుడీ గదిలోని ఒక్క కంప్యూటరులో ఉన్నవి. రిజిష్టరుకు చెదలు పట్టినచో కంటికి కనబడును. హార్డుడిస్కు ఒక్కొక్కప్పుడు ఏ సూచనయు లేకయే పోవును. కనుక దానికి నకలు తీయుటను గూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరిరి. హిందూపురము, పెనుకొండ, ధర్మవరములలో కంప్యూటర్లు బాగుచేయుట నా వృత్తి. నా చేతిమీదుగా పోయిన పనులనే చెప్పెదను.

ధర్మవరము వారికి నకలు సంగతి కొత్త కాదు. పట్టుచీర అంచున వేయదలచిన పువ్వును గ్రాఫు కాగితముపై గీసి, ఆ ప్రకారము అట్టలకు చిల్లులు కొట్టి, వరుసగా దారముతో కూర్చి జకార్డు మగ్గమున కెక్కింతురు. పేకపోగునకు ఒక అట్ట. నడుమ ఒక్కటి తప్పినను పువ్వు విరిగిపోవును. నేడు ఆ గీతపని చాలచోట్ల కంప్యూటరులో జరుగుచున్నది.

అట్టి డిజైనులు గీయు నొకరి పాత డిస్కు మందగించెను. ఆయన కొత్త ఎస్‌ఎస్‌డిని, క్లోనింగు సాఫ్టువేరును వెలపెట్టి కొనెను. క్లోనింగనగా డిస్కునుండి డిస్కునకు అచ్చుగా దింపుట. రాత్రంతయు నడచి, తెల్లవారునప్పటికి ‘పని పూర్తియైనది’ అని తెరపై కనబడెను. కొత్త డిస్కు పెట్టగా విండోసు తెరచుకొనలేదు.

కంపెనీకి వ్రాసెను, దాని పేరు చెప్పను. సాఫ్టువేరు తీసివేసి మరల ఎక్కింపుమని మొదటి జవాబు. లాగ్ ఫైలు పంపుమని రెండవది. పంపిన నాలుగు దినములకు వేరొక ఉద్యోగి మొదటి ప్రశ్నలనే మరల అడిగెను. కట్టకడపట కొత్త వెర్షను కొనుమని సలహా! పండుగ ముందరి ఆర్డర్లు చేతిలో నున్నవానికి ఈ జాబు లెట్లుండునో మీరే ఊహింపుడు. మన మండలాఫీసు గుమాస్తాకైన ఎదుట నిలిచి అడుగవచ్చును గదా.

తీరా చూడగా కారణము చిన్నది. ఆయన ‘సి’ భాగమును మాత్రమే ఎన్నుకొనెను. విండోసును లేపెడి చిన్న భాగ మొకటి, కొద్ది వందల మెగాబైట్లకు మించనిది, పాత డిస్కులోనే నిలిచిపోయెను. డిస్కు నంతటిని ఎన్నుకొని మరల తీయగా సరిపోయినది. ఈ ఒక్క మాట ఆ జాబులలో ఎవరును వ్రాయలేదు.

మరి రెండు జాగ్రత్తలు. నకలు ముగిసినంతనే పాత డిస్కును విప్పివేయవలెను. రెంటికిని గుర్తుసంఖ్య ఒక్కటే యగుటచే విండోసు ఒకదానిని పక్కన పెట్టును. ఏది మూలమో ఏది నకలో ముమ్మారు చూచిగాని బొత్తాము నొక్కరాదు. తారుమారైనచో ఖాళీ డిస్కు వచ్చి నిండుదానిని తుడిచివేయును. చప్పుడు చేయు డిస్కు సంగతి వేరు. దానికి జిఎన్‌యు డిడిరెస్క్యూ అను ఉచిత సాధనము మేలు; అది మంచి చోట్లను మొదట తీసికొని, చెడిన చోట్లకు తరువాత వచ్చును.

న్యూజీలాండులో పుట్టి 1998లో సైమాంటెక్ కంపెనీ చేతికి వచ్చిన ‘ఘోస్ట్’ ఒకప్పుడు మా వృత్తివారి కందరికిని పరిచితము. 2013లో అందలి ‘నార్టన్ ఘోస్ట్’ అమ్మకము నిలిచిపోయినది. మూట కట్టిన సాఫ్టువేరు పోయినచో, మూట విప్పువానిని వెదకుకొనవలసి వచ్చును. కావున మన పట్టికను ఎందులోనైనను తెరచుకొను సాదా టెక్స్టుగా కూడ ఉంచుడు.

శాసనపరిశోధకులు తడి కాగితమును రాతిపై పరచి, కుంచెతో కొట్టి, సిరా అద్ది అచ్చు తీయుదురు. పెనుకొండ, లేపాక్షి శాసనములును అట్లే గ్రంథముల కెక్కినవి. అచ్చు తీసినవారు దానిని చదివి చూతురు. అక్షరము తేలనిచో మరల తీయుదురు. డిస్కుల విషయమున మనము ఈ రెండవ పనిని మానివేసితిమి.

ఒకే గదిలోని రెండు డిస్కులును ఒకే పిడుగునకు పోగలవు. ఒక నకలు ఇచట నుండగా, రెండవది హిందూపురములోనో పెనుకొండలోనో నమ్మకస్తుడైన సభ్యుని ఇంట నుండవలెను. వచ్చు నెల మొదటి ఆదివారమున నేను మరల వచ్చెదను. పాత డిస్కును విప్పి పక్కన పెట్టి, నకలుతోనే కంప్యూటరును నడిపెదము. సభ్యులలో ఎవరైనను లేచి ఒక పుస్తకపు నంబరు అడుగుడు.